నాటిన చెయ్యి

1997 జూన్ 9

బొంగుల డిపో సేటు ఇవాళ కూడా వెదురు లేదన్నాడు. వట్టి చేతులతో పంపడానికి మొహం చెల్లక కాబోలు, తన దుకాణం పేరు అచ్చేసిన డైరీ ఒకటి చేతిలో పెట్టాడు. సగం ఏడాది గడిచాక డైరీ! "ఇది తీస్కపోమ్మా, హిసాబ్ రాస్కో" అన్నాడు. హిసాబ్ ఉంటే కదా రాసుకోవడానికి. అయినా తెచ్చాను. ఇంటర్ దాకా చదివి గంపలు అల్లుతున్నదాన్ని, ఏదో ఒకటి రాసుకుంటాను.

వచ్చిన బొంగులన్నీ మాదాపూర్‌లో లేస్తున్న బిల్డింగుల చుట్టూ పరంజాలకు పోతున్నాయి. అక్కడి కూలీల గుడిసెలకు తడకలు కావాలని మేస్త్రీలు మా గుమ్మం దాకా వచ్చి అడిగిపోతున్నారు. పని ఉంది, చేతులున్నాయి, వెదురే లేదు. పందిరి వేసి, భోజనాలు వండి, పెళ్ళికూతుర్ని మరిచిపోయినట్టుంది మా బతుకు.

ఓదెలు కత్తిని చూరులో చెక్కేసి బయటికి పోయాడు. ఓదెలంటే మా ఆయన. నోటితో ఆ పేరు పిలవడం మా ఇంట్లో లేదు. ఇక్కడ రాస్తే ఎవరికి తెలుస్తుంది?

జూన్ 10

దొరకని వెదురును పెంచుకుంటే ఏం పోయింది?

జూన్ 15

అత్తమ్మతో చెప్పాను. చాట అల్లుతున్న చేతులు ఆగిపోయాయి.

"మేదరోళ్లు వెదురు కోస్తరు. నాటరు."

"ఎందుకు నాటొద్దు?"

"నాటిన చెయ్యి కొయ్యొద్దు. కన్నబిడ్డ మెడ మీద కత్తి పెట్టినట్టే అయితది. మా అత్త చెప్పింది, మా అత్తకు ఆమె అత్త చెప్పింది."

"అయితే నేను నాటుత, మీ కొడుకు కోస్తడు. అయిపాయె గద!"

"మొగుడు పెండ్లాలది ఒక్కటే చెయ్యి పిల్లా."

"మామిడిచెట్టు నాటి కాయలు కోస్తలేరా మంది?"

"కాయ కోస్తే చెట్టు సస్తదా?"

మా అత్త పోచమ్మ గారి దగ్గర జవాబులకు కరువు లేదు. చివరికి మూతి తిప్పి, "నీ ఇష్టం. నేనైతే ఆ చెట్లను చేత్తోటి ముట్ట" అని చాట కింద పడేసింది.

ఇలాంటి మాటల మీద నాకు నమ్మకం లేదు. పైగా ముట్టనంటే నాకే మంచిది, పనిలో అడ్డం రాదు.

జూన్ 24

నేల దొరికింది! మా వాడ వెనక, కొత్తగూడ పోయే దారిలో కడప రంగనాథ్ గారు కొన్న జాగా ఉంది. మొరం, బండరాతి గుండ్లు తప్ప అందులో ఏమీ లేదు. ఆయనకు రాత్రీ పగలూ కబ్జాగాళ్ళ భయమే. హద్దు వెంబడి వెదురు పెంచుతానని అడిగాను.

"ముండ్ల కంప ఎన్నిసార్లు నాటించినా ఎత్తకపోతాండారు. వెదురైతే ఎవుడూ పీకలేడు గదా?" అని కాసేపు ఆలోచించాడు. "సరే, నాటుకో పో. కడ్డీలు నీవే, కోసుకో. నా హద్దు మాత్రం కదలగూడదు. ఇల్లు కట్టినా వెదురు కంచె ఉంచుతాలే, సల్లగుంటాది."

కిరాయి లేదు. దారిలో ఒక్కదాన్నే నవ్వుకుంటూ వచ్చాను. ఎవరో ఆటోవాడు వింతగా చూశాడు. చూసుకోనీ.

జూలై 6

మా అన్న ఆంజనేయులు ములుగు నుంచి వెదురు గడ్డలు లారీ మీద పంపాడు. వేళ్ళతో, మట్టితో ఎంత ముద్దుగా ఉన్నాయో! దించిన వెంటనే ఇంటి ముందు తొట్టిలో వేసి నిండా నీళ్ళు పోశాను. నానకుండా వెదురు ఎక్కడైనా మాట వింటుందా? మేదరింట్లో పసిపిల్లనడిగినా చెబుతుంది.

జూలై 14

నాటాం. నేను గుంతలు తవ్వాను, ఓదెలు గడ్డలు దించాడు. గుంతల్లో కూడా తొట్టినీళ్ళే పోశాం. అత్తమ్మ దూరంగా గుండు మీద కూర్చుని, మొహం అటు తిప్పి వక్క నమిలింది.

జూలై 30

ఏమీ రాలేదు. వస్తాయి.

ఆగస్టు 8

వాన బాగా పడింది. వస్తాయి.

ఆగస్టు 17

చౌరస్తాలో మక్క కంకులు కాలుస్తున్నారు. ఒకటి తిన్నాను, బాగుంది. వెదురు సంగతి ఇవాళ రాయను.

ఆగస్టు 23

ఒక గడ్డను పైకి లాగాను. చేతిలోనే జారిపోయింది. కుళ్ళిన ఆలుగడ్డ కంపు. ఇంకొకటి లాగాను, అదీ అంతే. అన్నీ అంతే.

అన్న ఏదో పని మీద వచ్చాడు, చూసి తల కొట్టుకున్నాడు. "కోసిన బొంగా ఇది, నానబెట్టనీకి? దీనికి పానమున్నదే చెల్లె! అన్ని దినాలు నీళ్లల్ల ముంచితే మనిషైనా బతుకుతడా?"

ఓదెలు గుంత గట్టు మీద కూర్చున్నాడు. తిడతాడేమో అనుకున్నాను. తిట్టలేదు.

"మనకు ఎరికైంది సచ్చిన వెదురొక్కటేనే" అన్నాడు.

ఏడ్చాను. సిగ్గు లేకుండా, మొరం మీద కూలబడి, వెక్కి వెక్కి ఏడ్చాను.

సెప్టెంబర్ 5

ఓదెలు సెక్యూరిటీలో చేరాడు. ఏజెన్సీవాళ్ళు నీలం చొక్కా, టోపీ, విజిల్ ఇచ్చారు. చొక్కా ఆయనకు గంపకు తొడిగిన గోనెలా ఉంది. వద్దని కొట్లాడాను.

"వద్దంటే ఏం దింటం? నీ వెదురు దింటమా?"

"తింటం! ఒకనాడు దాని మీదనే దింటం."

"అట్లనా? ఆ వెదురు మొదటి బొంగు కోసిననాడు ఈ చొక్కా ఇప్పేస్త పో."

ఎగతాళికి అన్నాడు. నేను మాత్రం ఇక్కడ రాసిపెట్టుకుంటున్నాను.

సెప్టెంబర్ 18

ములుగు పోయి నేనే గడ్డలు తెచ్చుకున్నాను. తడిగోనెలో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని, కండక్టర్‌తో నానా మాటలు పడి తెచ్చాను. "ఏంది అక్కా, శవమా?" అన్నాడు వెధవ. ఈసారి తొట్టి వైపు చూడను కూడా లేదు. గుంతల అడుగున గట్టి మొరాన్ని గడ్డపారతో పగలగొట్టాం, నీళ్ళు నిలవకుండా దిగిపోయేలా. ఓదెలు డ్యూటీ దిగి వచ్చి, చొక్కా విప్పి కంప మీద వేసి, మళ్ళీ తనే ఒక్కో గడ్డా దించాడు. పసిపిల్లను ఉయ్యాలలో పడుకోబెట్టినంత మెల్లగా.

అత్తమ్మ గుండు మీదే ఉంది. వక్క అయిపోయినా నములుతూనే ఉంది.

నవంబర్ 2

పిలక!

ఉల్లికాడంత లేదు, కానీ పిలక. ఇంటికి పరిగెత్తి అత్తమ్మకు చెప్పాను.

"మేక దింటది సూడు" అంది.

దీవించిందో శపించిందో తెలియలేదు. వెంటనే పోయి చుట్టూ కంప వేశాను.

1998 మార్చి 21

ఎండలు ముదిరాయి. వచ్చిన పిలకలన్నీ పచ్చగానే ఉన్నాయి. కొద్దిగా పసుపు కలిసిన పచ్చ.

ఏప్రిల్ 12

బిల్డింగు పనికి నీళ్ళు తెచ్చే ట్యాంకర్ యాదయ్యను బతిమాలాను. అడుగున మిగిలిన నీళ్ళు మా హద్దు దగ్గర వదిలిపెడతాడట. "గడ్డి జాతికి గింత పరేషానెందుకక్కా?" అంటాడు. గడ్డి జాతే, నిజమే. వరి కూడా గడ్డి జాతే కదా, తినడం మానేస్తావా అన్నాను. నవ్వి పైపు తిప్పాడు.

కూకట్‌పల్లి సంతలో కుమ్మరాయన దగ్గర పగుళ్ళు పడ్డ కుండలు చవగ్గా తెచ్చాను. ఒక్కో గుంత పక్కన ఒక కుండ పాతి, అడుగున చిల్లు పెట్టి పాతబట్ట దూర్చాను. బిందెతో కుండ నింపితే అదే కొంచెం కొంచెంగా వేళ్ళకు దింపుతుంది.

మే 10

మునివేళ్ళతో మట్టి ముట్టుకుంటే చుర్రుమంది. కుండలు పొద్దున నింపితే మధ్యాహ్నానికి ఖాళీ.

మే 19

ఆకులు బీడీల్లా చుట్టుకుపోయాయి.

మే 22

ఆకులు రాలాయి. కొమ్మలు చచ్చిపోలేదు. గోటితో గీకి చూశాను, లోపల పచ్చగా ఉంది. పచ్చగానే ఉందని నా ఉద్దేశం.

"ఇగ ఎందుకే పానం దీస్కుంటవు? ఎండదెబ్బకు మనుషులే పోతున్రు" అన్నాడు ఓదెలు.

"నేను పోను. అవీ పోవు."

బిందె తీసుకుని లేచాను. చేయి పట్టుకుని ఆపబోయి, నా మొహం చూసి వదిలేశాడు.

మే 25

ఇవాళ జరిగింది రాయకపోతే నాకు నిద్ర పట్టదు.

నీళ్ళు తీసుకుని పోయేసరికి అత్తమ్మ జాగాలో ఉంది. నెత్తిన గంప. మా ఇంటి వెనక మామగారి కాలం నుంచీ గుట్టగా పడున్న, బద్దలు చీరగా రాలిన వెదురు పొట్టును మోసుకొచ్చి గుంతల మీద గుమ్మరిస్తోంది. మా ఇళ్ళల్లో వెదురును కాల్చరు, పొట్టునైనా పొయ్యిలో పెట్టరు. అందుకే ఆ గుట్ట అన్నేళ్ళుగా పెరిగి, అడుగున నల్లగా మాగిపోయి ఉంది.

"ఏంది అత్తమ్మా ఇది?"

"ఇంటెనక పాములు జేరుతున్నయి. కాలబెట్టొద్దాయె. యాడ పొయ్యాలె మరి? నీ చెట్లకు గాదు, ఫికర్ జెయ్యకు."

చెట్టు తగలకుండా దూరం నుంచి విసురుతోంది. కొంత గుంతలో, కొంత గుండ్ల మీద, కొంత నా కాళ్ళ మీద పడుతోంది. నేను పడిన పొట్టును గుంతల్లోకి సర్దాను. సాయంత్రం దాకా ఆమె మోసింది, నేను సర్దాను. మధ్యలో ఒకే చెంబులో నీళ్ళు తాగాం.

మే 28

పొట్టు కింద చెయ్యి పెట్టి చూశాను. తడి ఉంది! పొద్దున పోసిన నీళ్ళు పొద్దుగూకేదాకా అక్కడే ఉన్నాయి. పాములకు దండం పెట్టాలి.

జూన్ 20

వాన.

జూలై 9

ఎండిన కొమ్మల మొదట్లో కొత్త పిలకలు, బొటనవేలంత. ఒక్క గుంత మాత్రం పోయింది, మిగతావన్నీ లేచాయి. రంగనాథ్ గారు కారు దిగి, పొదల చుట్టూ తిరిగి, "ఏమ్మే, ఈ నేలలోనా!" అని నోరు తెరిచాడు. ఈ నేలలోనే సారూ.

నవంబర్ 23

మాదాపూర్‌లో పెద్ద బిల్డింగు తెరిచారు. రోడ్లకు రంగులు, వీధి మొగలకు పూలకుండీలు. ఓదెలుకు వరసగా డబుల్ డ్యూటీ. కాళ్ళు వాచాయి. ఉప్పునీళ్ళ కాపడం పెట్టాను.

1999 ఫిబ్రవరి 14

తడకలకు మేస్త్రీ మళ్ళీ వచ్చాడు. ఓదెలు పొదల వైపు చూశాడు. ఇంకా లేతవి, కోస్తే పొద కుంగుతుంది అన్నాను. అది నిజం. నేను చెప్పిన కారణం నిజంగా అదే.

ఆగస్టు 1

ఈ ఏటి పిలకలు పోయినేటివాటిని దాటిపోయాయి. గాలికి ఆకులు గలగలమంటుంటే కాసేపు పని లేకున్నా నిలబడాలనిపిస్తుంది. పొద్దునే పోతున్నాను, సాయంత్రమూ పోతున్నాను. నీళ్ళ అవసరం లేదు, వానలున్నాయి. ఊరికే పోతున్నాను.

అన్న వచ్చాడు. "ఈ చలికాలం ముదిరినయి తియ్యాలె చెల్లె. తియ్యకపోతే లోపల ఇరుకైతది, కొత్తయి రావు. పొద పాడైతది" అన్నాడు. సరే అన్నాను. రెండేళ్ళుగా ఎదురుచూస్తున్నదే అందుకు కదా.

పోయేముందు ఇంటి వెనక అత్తమ్మతో గుసగుసలాడాడు. చేతిలో గోనెసంచి. ఏముంది అంటే "చింతపండు" అన్నాడు.

ఆగస్టు 30

ఇంటి వెనక పొట్టుగుట్ట ఉండిన చోట అత్తమ్మ గంప బోర్లించింది. కోడిని పొదగేసిందట. అటు పోవద్దని నాకు హుకుం.

అక్టోబర్ 12

ఆ కోడి ఏం పొదుగుతోందో ఏమో, ఇంకా పిల్లలు రాలేదు. అడిగితే "నీ పని నువ్వు జూస్కో" అంది.

నవంబర్ 26

పున్నమి పోయింది. అమావాస్యలోపు కోస్తే వెదురుకు పురుగు పట్టదు. రేపు కోస్తాను.

నవంబర్ 28

కత్తికి పదును లేదు.

నవంబర్ 30

సాన పట్టించాను. తలనొప్పిగా ఉంది.

డిసెంబర్ 2

కూకట్‌పల్లి నుంచి పూలకొట్టు కామేశ్వరరావు గారు వెతుక్కుంటూ వచ్చారు. "సన్న వెదురుతో పూలబుట్టలు అల్లి పెడతారాండి? ప్లాస్టిక్‌వి పెళ్ళివారు వద్దంటున్నారండి. మాఘంలో ముహూర్తాలు బోలెడున్నాయి. మీరు బాగా అల్లితే ఏటా మీ దగ్గరే తీసుకుంటానండి."

సన్న వెదురు! మా పొదల్లో ఉన్నదే సన్న వెదురు. ఓదెలు టోపీ చేత్తో పట్టుకుని తలుపు దగ్గర నిలబడి విన్నాడు. ఆయన కళ్ళల్లో ఆ వెలుగు చూసి ఎన్నాళ్ళయింది! రేపే కోస్తానని కామేశ్వరరావు గారికి మాటిచ్చాను.

డిసెంబర్ 3

ఇంట్లో పని ఎక్కువైంది.

డిసెంబర్ 4

అబద్ధాలు చాలు. ఇక్కడ కూడా ఎవరి కోసం అబద్ధాలు?

ఇవాళ పోయాను. హద్దు మూల పొదలో ముదిరిన కడ్డీ ఒకటి చూసుకున్నాను. అన్నిటికంటే ముందు వచ్చిన పిలక అదే, ఉల్లికాడంత ఉన్నప్పుడు ఇంటికి పరిగెత్తి చెప్పానే, అది. ఎడమచేత్తో పట్టుకున్నాను. కత్తి ఎత్తాను. దించలేకపోయాను. ఎత్తాను, మళ్ళీ దించలేకపోయాను. నాకు నమ్మకాల్లేవు, పాపం తగులుతుందన్న భయమూ లేదు. చేయి కదల్లేదు, అంతే. దీన్ని కోయడానికే కదా ఎండలో చచ్చాను, కోయకపోతే పొద పాడవుతుంది కదా, అని పైకే తిట్టుకున్నాను. అయినా కదల్లేదు.

ఓదెలు డ్యూటీ దిగి నేరుగా అక్కడికే వచ్చాడు. చూశాడు. నా చేతిలోంచి కత్తి తీసుకున్నాడు. కడ్డీ మొదట్లో ఆనించాడు. చాలాసేపు అలాగే వంగి ఉండి, లేచి కత్తి నా చేతిలో పెట్టాడు.

"అడవిల బండ్లకు బండ్లు కొట్టినోన్ని" అన్నాడు. "దీన్ని నేనే దించితి గద గుంతల."

ఇద్దరం గుండు మీద కూర్చున్నాం. ఆయన ఒంటి మీద నీలం చొక్కా. అది విప్పే దారి నేనే మూసేశానేమో.

డిసెంబర్ 5

పొద్దున లేచేసరికి కత్తి లేదు. అత్తమ్మా లేదు.

పరిగెత్తుకుంటూ పోయాం ఇద్దరం. హద్దు మూల పొద దగ్గర కొంగు బిగించి నిలబడి ఉంది. ఆమె చేత్తో వెదురును ముట్టడం ఈ జాగాలో అదే మొదటిసారి. కడ్డీని నిమిరింది. కణుపు మీద ఒకటే వేటు, ఏటవాలుగా. వానచుక్క నిలవకుండా, పొద కుళ్ళకుండా కోసే కోత అది. కడ్డీ పక్క కడ్డీల మీదికి మెల్లగా వాలింది. ఇంకొకటి. ఇంకొకటి. ముదిరినవే, లేతవాటిని ముట్టలేదు. ఆమెకు ఆయాసం కూడా రాలేదు.

"నాటింది మీరు. కోసింది నేను. ఎవ్వలకు ఏ పాపం లేదు" అని కడ్డీలు ఓదెలు ముందు పడేసింది. "చొక్కా ఇప్పు. మాటన్నవు గద?"

"నెలాఖరు దాంక పోవాలెనే అవ్వా, జీతం రావాలె."

"అప్పటిదాంక ఇంట్ల ఇప్పి కూసో!"

ఓదెలు నవ్వాడు. అక్కడికక్కడే చొక్కా విప్పి భుజాన వేసుకుని, కడ్డీ చేతిలోకి తీసుకుని, కణుపు దగ్గర కత్తి మొన పెట్టి చీల్చాడు. చివరిదాకా ఒక్కటే చప్పుడుతో చీలింది. "మంచిగ చీరుతున్నదే!" అని అరిచాడు. అడవి వెదురు కంటే మెత్తగా ఉందట. బద్దను నా చెంపకు ఆనించాడు. చల్లగా, పచ్చి వాసన.

"ఎందుకు కోసినవు అత్తమ్మా? నాటొద్దని మొత్తుకుంటివి గద" అన్నాను.

"నువ్వు కొయ్యలేవని ఎరికయ్యే గద మొత్తుకున్న. నా చెయ్యి అందుకే దూరం పెట్టుకున్న." ఇంకేం అడగనివ్వకుండా నా రెక్క పట్టుకుని ఇంటి వెనక్కి లాక్కుపోయింది. బోర్లించిన గంప ఎత్తింది.

కోడి లేదు, గుడ్లూ లేవు. నల్లటి పొట్టులో ఒక వెదురు గడ్డ, దాని పక్కన జానెడు పిలక.

"మీ అన్నతోటి తెప్పిచ్చిన. నా చేత్తోటే నాటిన" అంది. "నేనున్నన్ని దినాలు నీయి నేను కోసిస్త. నేను పోయినంక ఎవలు కోస్తరే నీకు? అందుకే ఇది. ఇది నువ్వు కొయ్యాలె. దీని గడ్డలే తీసి ఎవలతోనన్న నాటిచ్చుకో, ఆళ్లయి నువ్వు కోసుకో. గట్ల నడుస్తది."

అత్తమ్మను గట్టిగా పట్టుకున్నాను. "ఛీ, ఇడువు, మట్టి చేతులు" అంది, తనే విడవకుండా.

ఓదెలు మొదటి పూలబుట్ట అడుగు అల్లుతున్నాడు. ఆ పిలక కోతకు రావాలంటే కనీసం రెండేళ్ళు కావాలి. నాకేం తొందర లేదు. గంప మళ్ళీ బోర్లించి, మేకలు తోయకుండా దాని మీద రాయి పెట్టాను, పొద్దుగూకే ముందు చెంబెడు నీళ్ళు పోశాను.